పులావ్ ఉబిన్‌కి సైకిల్ ట్రిప్పు: నేను మానుకోవాలా?

ప్రశ్న: అక్కా, మేము సింగపూర్‌లో ఉంటాం. వచ్చే నెలలో ఒక శనివారం మావారి ఆఫీసు స్నేహితులు, వాళ్ళ కుటుంబాలు, మేము కలిసి 13 మందిమి పులావ్ ఉబిన్ దీవికి సైకిల్ ట్రిప్పు అనుకున్నాం. అందరం తెలుగువాళ్ళమే. 9, 11 ఏళ్ళ పిల్లలిద్దరున్నారు. తెనాలి నుంచి వచ్చిన మా మావగారు కూడా వస్తానంటున్నారు. ఆయనకు 66 ఏళ్ళు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సైకిల్ మీదే బడికి వెళ్ళి పాఠాలు చెప్పారు గానీ పదేళ్ళుగా ముట్టుకోలేదు. నేనైతే సైకిల్ నేర్చుకుని ఆరు నెలలే అయింది. ఈస్ట్ కోస్ట్ పార్కులో చదునైన దారి మీద గంటసేపు తొక్కగలను. దిగుడు కనిపిస్తే మాత్రం చేతులు బిగుసుకుపోతాయి. ప్లాన్ ఇది: ముందు కేటమ్ మౌంటెన్ బైక్ పార్కు, తర్వాత చెక్ జావా అనే తీరపు చిత్తడి నేల, ఆ తర్వాత పువాకా కొండ, మధ్యాహ్నం 2 గంటలకల్లా తిరుగు పడవ. అన్నిచోట్లా అందరం కలిసే. "స్లోగా తొక్కేవాళ్ళు వస్తే టైమింగ్ మొత్తం పోతుంది" అని గ్రూపులో ఒకరు మెసేజ్ పెట్టారు. పేరు రాయలేదు గానీ అది నా గురించేనని తెలుస్తూనే ఉంది. మావారిని అడిగితే "నీ ఇష్టం" అన్నారు. పులిహోర చేసి ఇచ్చి ఇంట్లో ఉండిపోదామనుకుంటున్నాను. మావగారిని కూడా ఆపమంటారా?
– ఒక పాఠకురాలు, సింగపూర్

సమాధానం: మానుకోకండి. మావగారినీ ఆపకండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. లోపం మీ తొక్కుడులో లేదు, ఆ ప్లాన్‌లో ఉంది. ఆ ప్లాన్‌తో వెళితే మీరు రాకపోయినా వాళ్ళు 2 గంటలకు పడవ ఎక్కలేరు.

ఉబిన్ మొత్తం 10 చదరపు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. జెట్టీ దక్షిణపు ఒడ్డున, ఇంచుమించు మధ్యలో ఉంటుంది. పడవ దిగి ఎడమకు తిరిగితే పడమర వైపు కేటమ్, కుడికి తిరిగితే తూర్పు కొసన చెక్ జావా. పువాకా కొండ మళ్ళీ పడమర వైపే. అంటే మీవాళ్ళు పిల్లల్ని, పెద్దాయనను వెంటబెట్టుకుని దీవిని ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచి, మళ్ళీ వెనక్కి రావాలనుకుంటున్నారు. పైగా మొదలుపెట్టడమే కేటమ్‌తో. అది 2008లో తెరిచిన అసలైన మౌంటెన్ బైక్ పార్కు. సుమారు 10 కిలోమీటర్ల దారి, రాళ్ళు, వేర్లు, నిటారుగా దిగే వంపులు. ఎంత కష్టమైన దారో చెప్పడానికి నీలం చదరం, నల్ల డైమండ్, రెండు నల్ల డైమండ్ల గుర్తులు పెట్టారు. రోజూ సైకిల్ తొక్కే కుర్రాళ్ళే అక్కడ మోచేతులు గీక్కుపోయి వస్తారు. తొమ్మిదేళ్ళ పిల్లను, అద్దె సైకిల్ మీద ఉన్న మీ మావగారిని అక్కడికి తీసుకెళ్ళడం స్పీడుకు సంబంధించిన విషయం కాదు, ప్రమాదం. గ్రూపులో ఆ మాట మీరే ముందు అనాలి.

కలిసి వెళ్ళడమంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా 13 సైకిళ్ళు ఒకే వరసలో పోవడం అనుకోవడం దగ్గరే చాలా ట్రిప్పులు చెడతాయి. ముందున్నవాడికి విసుగు, వెనకున్నవాళ్ళకు అవమానం. ఉబిన్‌లో అది అవసరమే లేదు. కేటమ్ మీద మోజున్న నలుగురైదుగురు అక్కడికి వెళ్ళనివ్వండి, సొంత సైకిళ్ళు, హెల్మెట్లు తెచ్చుకుని. మిగిలినవాళ్ళు నేరుగా చెక్ జావాకు. మధ్యాహ్నం జెట్టీ దగ్గరి ఊళ్ళో కలుసుకుని తినండి. ఓపికున్నవాళ్ళు ఆ తర్వాత పువాకాకు వెళ్ళొచ్చు. అది 75 మీటర్ల గుట్ట, కింద సైకిల్ పెట్టి నడిచి ఎక్కాలి. పైనుంచి కింద పాత క్వారీలో నిలిచిన పచ్చటి నీళ్ళు కనిపిస్తాయి. లేదంటే చెట్టు కింద కూర్చుని కొబ్బరి బోండాం తాగండి, అదీ ట్రిప్పే.

ఇక మీకు భయంగా ఉన్న దారి సంగతి. జెట్టీ నుంచి చెక్ జావాకు సుమారు 3 కిలోమీటర్లు. చాలావరకు తారో సిమెంటో వేసిన సన్నటి రోడ్డు, చివర్లో కంకర దారి. మీరు ఈస్ట్ కోస్ట్‌లో గంటసేపు తొక్కేదానికన్నా దూరం తక్కువే. కాకపోతే ఎత్తుపల్లాలున్నాయి. నిటారుగా ఉన్నచోట దిగి సైకిల్ నడిపించుకు వెళ్ళమని బోర్డులే ఉంటాయి. దిగి నడవండి. నేను ఎన్నోసార్లు వెళ్ళాను, ఇప్పటికీ ఆ కంకర దిగుడు దగ్గర దిగే నడుస్తాను. మెడకాయ మీద తలకాయ ఉన్నవాళ్ళెవరూ దాన్ని చిన్నతనం అనుకోరు.

చేతులు బిగుసుకుపోవడానికి మందు అభ్యాసమే. ఈలోగా నాలుగు వారాంతాలున్నాయి కదా, మీ దగ్గర్లో వాలుగా ఉండే పార్కు దారి ఒకటి చూసుకోండి. దిగుడు మొదలవకముందే వేగం తగ్గించాలి, మధ్యలోకి వచ్చాక కాదు. రెండు బ్రేకులూ కలిపి కొద్దికొద్దిగా నొక్కుతూ వదులుతూ దిగండి. నడుము కాస్త వెనక్కి, పెడళ్ళు రెండూ ఒకే ఎత్తులో, మోచేతులు వదులుగా. చూపు చక్రం ముందు కాదు, పది గజాల అవతల ఉండాలి. కంకర మీద ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టారంటే చక్రం జారుతుంది. మలుపులో బ్రేకు వేయొద్దు, మలుపుకు ముందే వేయాలి. ఇవి ఇరవైసార్లు చేస్తే చేతులే నేర్చుకుంటాయి.

సైకిల్ ఎంచుకునేటప్పుడు మొహమాటపడకండి. జెట్టీ దాటగానే అద్దె సైకిళ్ళ దుకాణాలు వరసగా ఉంటాయి. పిల్లల సైకిళ్ళు, ఇద్దరు కలిసి తొక్కే సైకిళ్ళు కూడా దొరుకుతాయి. ఒకసారి మేము గుంపుగా హడావిడిగా వెళ్ళి, చేతికందినవి తీసుకుని బయల్దేరాం. మా స్నేహితురాలి కూతురు ఎక్కిన దాని వెనక బ్రేకు రబ్బరు అరిగిపోయి ఇనుము తేలి ఉంది. ఆ సంగతి మొదటి దిగుడులో తెలిసింది. మోకాలు చెక్కుకుపోయి, అరచేతిలో ఇసుక గుచ్చుకుని ఆ పిల్ల ఏడుస్తుంటే దుకాణంవాణ్ణి తిట్టుకుని లాభమేముంది, చూసుకోవలసింది మేము. అప్పటినుంచి నేను ఇలా చేస్తాను. ముందు చక్రం గాల్లోకి లేపి తిప్పి బ్రేకు పడతాను, ఠక్కున ఆగాలి. వెనక చక్రానికీ అంతే. ఏ చేతి బ్రేకు ఏ చక్రానికో అక్కడే తెలుసుకుంటాను, ఎందుకంటే అది అన్ని సైకిళ్ళకూ ఒకేలా ఉండదు. టైరు బొటనవేలితో నొక్కి గాలి చూస్తాను. సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళు నేలకు ఆనాలి. మీలాంటి కొత్తవాళ్ళకు ఇంకొంచెం కిందికి దించినా తప్పులేదు. తర్వాత దుకాణం ముందే రెండు రౌండ్లు. నచ్చకపోతే మార్చమని అడగండి, మారుస్తారు.

చున్నీ వద్దు, వదులు పలాజోలు వద్దు. చైనులో పడితే బట్ట చిరగడంతో ఆగదు, మనిషి పడతారు. షూ లేసులు లోపలికి దోపుకోండి. పిల్లలకు హెల్మెట్లు ఇంటి నుంచే తీసుకెళ్ళండి, తలకు సరిపోయేవి అక్కడ దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోవద్దు.

మావగారి సంగతి వేరు. ఆయనకు బ్యాలెన్సు ఎక్కడికీ పోదు. జాగ్రత్తపడవలసింది పాత అలవాటు దగ్గర. ఆ తరం మగవాళ్ళు సైకిల్ ఎక్కే తీరు మీరు చూసే ఉంటారు. ఎడమ కాలు పెడల్ మీద పెట్టి, కుడి కాలితో నాలుగు గెంతులు వేసి, వెనక నుంచి కాలు తిప్పి సీటు మీదికి వస్తారు. చిన్న చక్రాల గేర్ల సైకిల్ మీద, కంకర మీద, పదేళ్ళ తర్వాత అలా ఎక్కితే నడుము పట్టేయవచ్చు, పడిపోనూవచ్చు. నిలబడి, సైకిల్ కాస్త వంచి, కాలు అటు వేసి, కూర్చున్నాక కదలమని ముందే చెప్పండి. కోడలిగా మీకు చెప్పడం ఇబ్బందైతే మీవారితో చెప్పించండి. గేర్లు ఎలా మార్చాలో మీ దగ్గరి పార్కులో ఒకరోజు చూపించండి. ఎండకు అలసిపోయారనుకోండి, జెట్టీ దగ్గర అద్దె వ్యానులు ఉంటాయి, చెక్ జావా దాకా తీసుకెళతాయి. ఆ వ్యాను ఉందన్న సంగతి ఆయనకు ముందే తెలిస్తే పంతానికి పోకుండా ఉంటారు.

నిజానికి మీ 13 మందిలో ఆ దీవి అందరికన్నా బాగా అర్థమయ్యేది ఆయనకే కావచ్చు. రేకుల కప్పుల చెక్క ఇళ్ళు, నూతులు, దారికడ్డంగా పరుగెత్తే కోళ్ళు, జనరేటరు చప్పుడు. అవతలి ఒడ్డున ఆకాశాన్నంటే మేడలున్న దేశంలోనే ఇదీ ఉంది. ఒకప్పుడు ఇక్కడ వేలమంది ఉండేవారు, రాతి క్వారీల మీద బతికారు. హార్స్‌బర్గ్ లైట్‌హౌస్‌కు 1850-51లో రాయి వెళ్ళింది ఇక్కడినుంచే. సింగపూర్‌ను మలేషియాతో కలుపుతూ 1924లో పూర్తయిన జొహోర్ కాజ్‌వేకి కూడా వెళ్ళింది. చివరి క్వారీ 1999లో మూతపడింది. ఇప్పుడు మిగిలింది కొన్ని పదుల మందే. ఆ క్వారీ గుంటల్లోనే నీళ్ళు నిండి కొంగలు గూళ్ళు కట్టుకుంటున్నాయి. కంచె దాటి నీళ్ళ దగ్గరికి మాత్రం పిల్లల్ని పోనివ్వకండి, లోతు చాలా ఎక్కువ.

ఇప్పుడు అసలు మాట. మీ గ్రూపులో అందరూ గడియారం చూస్తున్నారు గానీ ఆటుపోట్లు ఎవరూ చూస్తున్నట్టు లేదు. చెక్ జావాకు వెళ్ళాల్సింది ఆటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు. నీళ్ళు 0.5 మీటర్లు, ఇంకా కిందికి దిగితేనే తీరం వెంబడి బోర్డువాక్ (నడవడానికి ఎత్తుగా కట్టిన బాట) కింద సముద్రం అడుగు బయటపడుతుంది. పోటు మీద వెళితే నీళ్ళు చూసి రావడమే. అమావాస్య, పౌర్ణమి చుట్టుపక్కల ఆటు బాగా లోతుకు పోతుంది, కానీ అది పగటిపూటే వస్తుందని లేదు. సింగపూర్ వాతావరణ శాఖ ఆటుపోట్ల పట్టిక ఇస్తుంది. అది చూసి శనివారం ఖాయం చేయండి, వారం అటూఇటూ అయినా పరవాలేదు. బోర్డువాక్‌లో ఏదైనా భాగం మరమ్మతులకు మూసి ఉందేమో నేషనల్ పార్క్స్ బోర్డు వెబ్‌సైట్‌లో ముందురోజు చూసుకోండి.

చెక్ జావాలోకి సైకిళ్ళను రానివ్వరు. గేటు దగ్గర స్టాండులో పెట్టి తాళం వేసి నడవాలి. అంటే అక్కడ అందరి వేగం ఒకటే. సుమారు కిలోమీటరు బోర్డువాక్, కొంత మడ అడవిలో, కొంత సముద్రం పక్కన. 20 మీటర్ల ఎత్తు టవరు ఒకటి ఉంది, జెజావి టవరు అంటారు. మడ అడవిలోకి వెళ్ళాక ఒకచోట ఆగి, రెండు నిమిషాలు మాట్లాడకుండా బురద వైపు చూడమని పిల్లలకు చెప్పండి. మొదట ఏమీ కనబడదు. కాసేపటికి బురదే కదిలినట్టుంటుంది. బొటనవేలంత పీతలు కన్నాల్లోంచి ఒక్కొక్కటే బయటికొస్తాయి. మగ పీతకు ఒక డెక్క దాని ఒళ్ళంత పెద్దది, దాన్ని పైకీ కిందికీ ఊపుతూ ఉంటుంది, దూరంగా ఎవరినో పిలుస్తున్నట్టు. పక్కనే కళ్ళు నెత్తిమీద ఉన్న చేప ఒకటి నీళ్ళు లేనిచోట గెంతుతుంది. ఎవరైనా బోర్డువాక్ మీద గట్టిగా అడుగు వేశారా, అన్నీ ఒక్కసారిగా మాయం. మళ్ళీ రావడానికి ఐదు నిమిషాలు పడుతుంది. గబగబా నడిచేవాళ్ళకు ఇది కనబడదు. పరుగుల మీద వెళ్ళి, ఫోటో తీసుకుని, "అక్కడ ఏముందండీ, బురద" అని వచ్చినవాళ్ళను చాలామందిని చూశాను, నాకు బాధేస్తుంది. 2001లో ఆ చోటును పూడ్చి భూమి చేయబోయారు. అక్కడ ఎన్ని జీవాలున్నాయో జనం వెళ్ళి చూసి, రాసి, అడిగితే ఆ పని వాయిదా పడింది. బోర్డువాక్ 2007లో వచ్చింది. ఉన్నదాన్ని నిదానంగా చూడగలిగినవాళ్ళ వల్లే అది మిగిలింది.

గుంపు నడవడానికి ఒకే ఒక నియమం పెట్టండి: దారి చీలిన ప్రతిచోటా ముందున్న మనిషి ఆగాలి, వెనక మనిషి కంటబడేదాకా కదలకూడదు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఒకసారి 9 మందిమి వెళ్ళాం, ముందు నేనే. ఒక చీలిక దగ్గర అందరూ వస్తున్నారులే అనుకుని తిరిగిపోయాను. చివర ఉన్న అబ్బాయి తిన్నగా వెళ్ళిపోయాడు. ఫోన్ చేద్దామంటే, ఉబిన్‌లో ఫోన్లు ఒక్కోసారి జలసంధి అవతలి మలేషియా సిగ్నల్ పట్టుకుంటాయి. అతనికి రోమింగ్ లేదు. ముప్పావుగంట తర్వాత ఒక బోండాల కొట్టు దగ్గర దొరికాడు, ముఖం పాలిపోయి. నామీద కోప్పడలేదు గానీ మళ్ళీ మాతో రాలేదు. అందుకే చెబుతున్నాను. ముందు ఒకరు, చివర ఒకరు, ఇద్దరూ దారి తెలిసినవాళ్ళు ఉండాలి. చివరి మనిషి దగ్గర పంపు, ట్యూబు, కట్టుగుడ్డ, అయోడిన్ ఉండాలి. రోడ్డుకు ఎడమ పక్కనే పోవాలి, మలుపుల్లో వ్యానులు వస్తాయి. పరస్పరం కలుసుకునే చోటు, సమయం అందరూ కాగితం మీద రాసుకోవాలి. దీవిలో ఆసుపత్రి లేదు. పెద్ద దెబ్బ తగిలితే అంబులెన్సుకు 995కి ఫోన్ చేయండి.

తలకు లీటరున్నర నీళ్ళకు తక్కువ పట్టుకెళ్ళకండి, నూతి నీళ్ళు తాగొద్దు. మావగారికి ఓఆర్ఎస్ రెండు ప్యాకెట్లు. దోమల మందు రాసుకోండి. ఉరుము వినబడితే బోర్డువాక్ మీద, టవరు మీద ఉండొద్దు, కప్పు కిందికి రండి. ఇక్కడి పిడుగులు తెలిసినవే కదా.

పులిహోర తప్పకుండా చేయండి, అయితే మీరు వెంట తీసుకెళ్ళేలా చేయండి. ప్లాస్టిక్ కవరులో చేతికి తగిలించుకుని మాత్రం కాదు. అక్కడి కోతులకు కవరు చప్పుడు అంటే తిండి. చెక్ జావా గేటు దగ్గర అడవి పందులు తిరుగుతుంటాయి, పిల్లల్ని వెనకేసుకుని. ఒకసారి మా కళ్ళముందే సైకిల్ బుట్టలో వదిలేసిన కవరును ఒక పంది ముట్టెతో సైకిల్‌తో సహా పడదోసి, చించి, డబ్బా మూత ఊడదీసింది. మూత గట్టి స్టీలు డబ్బాలో పెట్టి, జిప్పున్న బ్యాగులో భుజానికి తగిలించుకోండి, తినడం ఊళ్ళోకి వచ్చాకే. పాపం అని ఒక ముద్ద కూడా వేయొద్దు. అడవి జంతువులకు తిండి పెడితే మొదటిసారికే 5,000 డాలర్ల దాకా జరిమానా. దానికన్నా ముఖ్యం, మనిషి చేతి తిండి మరిగిన జంతువు రేపు ఇంకొకరి పిల్ల మీదికి వస్తుంది.

మీవారు "నీ ఇష్టం" అన్నారని రాశారు. దాన్ని విసుగు అనుకోకండి, ఆయనకు ఏం చెప్పాలో తెలియక అన్నమాట అయి ఉండవచ్చు. ఆయనతో "నాకు రావాలని ఉంది, కేటమ్‌కు మీరు వెళ్ళండి, చెక్ జావా దారిలో మాత్రం నా వెనక ఉండండి" అని సూటిగా చెప్పండి. పక్కన కాదు, వెనక. పక్కన ఎవరైనా ఉంటే మీరు దారి చూడరు, వాళ్ళను చూస్తారు. గ్రూపులో ఆ మెసేజ్ పెట్టినవారితో తగువు పెట్టుకోవద్దు. ఆటుపోట్ల పట్టిక చూసి, రెండు జట్ల కొత్త ప్లాన్ మీరే టైపు చేసి పెట్టండి. ప్లాన్ వేసిన మనిషిని స్లో అని ఎవరూ పక్కన పెట్టలేరు.

ఇంకొక్క మాట. చాంగీ పాయింట్ నుంచి వెళ్ళే ఆ చెక్క పడవ 12 మందినే ఎక్కించుకుంటుంది. 12 మంది పోగయ్యాక కదులుతుంది, మనిషికి నాలుగు డాలర్లు, వెంట సైకిల్ ఉంటే దానికి అదనం, చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. మీరు 13 మంది. ఎలాగూ రెండు పడవలు కావాలి, ఆ పదమూడో మనిషిని నేనే అనుకుని ఆగిపోయేరు. కేటమ్ కుర్రాళ్ళు సొంత సైకిళ్ళతో రెండో పడవలో రానివ్వండి. మీరు, మావగారు, పిల్లలు మొదటి పడవ ఎక్కండి. వాళ్ళు వచ్చేలోగా బ్రేకులు చూసుకుని, సీటు సరిచేయించుకుని, దుకాణం ముందు మీ రెండు రౌండ్లు పూర్తి చేయడానికి టైము ఉంటుంది.